నున్నటి గోడకు గంట్లు

కేసముద్రం స్టేషన్ దగ్గర బావులకు సిమెంటు రింగులు పోసే యాకమ్మకు నునుపంటే పిచ్చి. బావిలోకి దిగిన రింగు ఎవరికి కనిపిస్తుంది? అయినా తాపీతో రుద్ది రుద్ది మెరుపు తేనిదే ఆమెకు అన్నం సయించదు. ఆ పిచ్చే ఈసారి కొంప ముంచింది.

అక్క కూతురు లత విశాఖ హార్బర్‌లో ఇంజనీరు. అక్కడి గోడలు నున్నటి కాంక్రీటు కావడంతో ఆల్చిప్పలు, పీతలు నిలవడానికి చోటు లేక ఏనాడో వెళ్లిపోయాయి. గుంతలున్న పలకలు బిగిస్తే తిరిగొస్తాయని లత పైవాళ్లను బతిమాలి, ఒక్క గోడకు ఒప్పించింది. వానాకాలం ముగిసేలోగా వాటిమీద ఏదైనా బతికితే మిగతా గోడలకూ బిగిస్తారు. లేదంటే పీకేస్తారు. పగులు రాకుండా పోసే చెయ్యి చిన్నమ్మదేనని నమ్మి, అచ్చులు కేసముద్రం పంపింది.

పలకలను అచ్చుల్లోంచి తీసిన యాకమ్మ గుండె గుభేలుమంది. అమ్మవారు పోసిన మొహంలా అన్నీ గుంతలే! అచ్చులు చెడిపోయాయనుకుంది. బిడ్డ పరువు పోతుందని గుంతలన్నీ సిమెంటుతో పూడ్చి, అద్దంలా రుద్దిపెట్టింది. ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారా? ఒకరిని అడిగి చేసే మనిషైతే ఆమె యాకమ్మ ఎందుకవుతుంది!

లారీతో వచ్చిన లత పలకలను చూసి అక్కడే కూలబడి ఏడ్చింది.

"చిన్నమ్మా, ఏంది గిది? గా గుంతలే వాటికి ఇండ్లు. నున్నగుంటే పిల్ల ఆల్చిప్పకు పట్టు దొరకదు, అలొచ్చి కడిగేస్తది."

"మళ్ల పోస్తం బిడ్డా."

"టైమ్ లేదు. ఎల్లుండి బిగియ్యకపోతే గోడ గట్లనే ఉంచుతరు."

తన పని చూసి ఇన్నేళ్లలో ఎవరూ ఏడవలేదు. సిగ్గుతో యాకమ్మ చెవులు కాలాయి. కొంగు నడుముకు దోపుకుని పరుగెత్తి, ఇంటింటికీ తిరిగి విసుర్రాళ్లకు గంట్లు కొట్టే చంద్రిని, ఆమె తోటివాళ్లను వెంటబెట్టుకొచ్చింది.

"గింత మంచిగున్నదాన్ని ఎందుకు చెడగొట్టుడు అక్కా?" అంది చంద్రి.

"చెడగొట్టు చెల్లే. నా మొహం చూడకు, కొట్టు."

మొదటి ఉలిదెబ్బకు యాకమ్మ కళ్లు మూసుకుంది. రెండోదానికి తనే సుత్తి అందుకుంది. లత సుద్దతో గీసిన చోటల్లా, చెప్పినంత లోతున, పొద్దుగూకేదాకా ఉలులు మోగాయి. అచ్చులో ఉన్నంత అందం రాలేదు కానీ గరుకు మాత్రం వచ్చింది. లారీ కదిలింది.

ఆ వానాకాలమంతా యాకమ్మకు నిద్ర సరిగ్గా పట్టలేదు. బిడ్డ కష్టం తన చేతులమీదుగా మట్టిపాలవుతుందేమోనని ఒకటే భయం. దసరా వెళ్లాక లత రమ్మని ఫోన్ చేసింది, ఎందుకో చెప్పలేదు. గుండె చిక్కబట్టుకుని రైలెక్కింది.

సముద్రం ఆటు మీదుంది. హార్బర్ మెట్ల దగ్గర లతతోపాటు ఆమె పైఅధికారి నిలబడి ఉన్నాడు. నీళ్లు దిగిన గోడ మీద యాకమ్మ తన పలకలను గుర్తుపట్టలేకపోయింది. గంటు గంటుకూ ఆల్చిప్పలు కరుచుకుని ఉన్నాయి. నాచు పచ్చగా వేలాడుతోంది, దాని కింద నీళ్లలో చేపపిల్లలు గుంపులుగా తిరుగుతున్నాయి. పక్కనున్న పాత గోడ మాత్రం బోడిగా ఉంది.

"మిగతా గోడలకూ ఇవే బిగిద్దామండీ," అన్నాడు అధికారి. "ఎవరు పోశారివి?"

"నేనే సారూ. ముందుగాల ఖరాబు చేసింది గూడ నేనే!"

లత నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. యాకమ్మ మెట్టు దిగి, ఒక గంట్లో వేలు పెట్టి చూసింది. లోపలున్న పీతపిల్ల చటుక్కున వేలు పట్టుకుంది. ఆమె కెవ్వుమని అరిచి, వెంటనే హార్బరంతా వినిపించేలా నవ్వింది.

"లతా! ఇండ్లల్ల దిగిండ్రే బిడ్డా! నన్నే బయటికి పొమ్మంటున్నరు!"