చేతులు పర్మినెంటయ్యాయి

నా చేతులు నా బిడ్డ తల తీసేస్తాయని నా భయం. అంతకు మించిన భయం నాకు లేదు. ఆకలన్నా ఇంత భయం లేదు, గాలివానన్నా లేదు.

చేతుల తప్పేమీ లేదు. వాటి పనే అది. మా కాలవగట్టు ఆడవాళ్ళందరి చేతులూ రొయ్యల షెడ్డులో అదే పని చేస్తాయి. ఎడమచెయ్యి రొయ్యని నడుం దగ్గర పట్టుకుంటుంది. కుడి బొటనవేలు మెడ కింద నొక్కి ఒక్క మెలిక తిప్పుతుంది. టిక్కుమని చిన్న చప్పుడు. తల చెత్త గంపలోకి, ఒళ్ళు ఐసు గిన్నెలోకి. అప్పటికే ఎడమచేతిలో ఇంకో రొయ్య ఉంటుంది.

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి నేను షెడ్డుకి వచ్చినప్పుడు, నూకరత్నం పిన్ని నాకు నేర్పిన మొదటి పాఠం చూడకూడదని.

"ఆటికేసి సూడకే సువార్తా! సూత్తే కళ్ళు కనపడతాయి. కళ్ళు కనపడితే జాలేత్తది. జాలేత్తే గిన్నె నిండదు. గోడకేసి సూత్తా సెయ్యి."

అందుకే మా షెడ్డులో ఎవరూ చేతులకేసి చూడరు. గోడకేసి చూస్తూ అల్లుళ్ళ గురించి, అత్తల గురించి, పాస్టరుగారి కొత్త బండి గురించి మాట్లాడుకుంటారు. చేతుల వైపు చూసిన మనిషిని చూసి పక్కవాళ్ళు నవ్వుతారు, ఇంకా పని రాలేదని. అలా చేతులు కళ్ళతో అవసరం లేకుండా బతకడం నేర్చుకున్నాయి.

ఇప్పుడు అవి ఇంటికొచ్చినా ఆగడం లేదు.

మొదట వంకాయల తొడిమలు తీస్తాయి. అదెలాగూ తీయాల్సిందే కదా అని ఊరుకుంటాను. తర్వాత అగ్గిపుల్లల తలలు తీస్తాయి. వీధికుళాయి తల తీస్తాయి. నా బిడ్డ కెజియకి తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మ తల తీస్తాయి. పక్కింటి కోడిపుంజు గోడ మీంచి ఇటు దూకుతుంది. దాని తలా తీస్తాయి. పుంజు ఉత్త మెడతోనే కూస్తోంది. పక్కింటావిడ ఆ మెడలోకే గింజలు పోసి మేపుతోంది.

"కూత మునుపటికంటే గట్టిగానే ఉందమ్మా," అంటుంది ఆవిడ, నన్నేమీ అనకుండా.

నేను చూస్తున్నంతసేపూ చేతులు బుద్ధిగా ఉంటాయి, హెడ్‌మాస్టరు వచ్చినప్పుడు పిల్లలున్నట్టు. రెప్ప వేస్తే మొదలుపెడతాయి. కెజియ ఇంకా పాకలేదు. మెడ ఇప్పుడిప్పుడే నిలుస్తోంది. పాలివ్వడానికి ఎత్తుకున్నప్పుడల్లా నా కుడి బొటనవేలు మెల్లగా దాని గడ్డం కిందకి జరుగుతుంది. నేను రెప్ప వేయకుండా ఆ వేలినే చూస్తాను. అది ఏమీ ఎరగనట్టు వెనక్కి వెళ్తుంది.

ఇలా చూసి చూసి నా కళ్ళు ఎండిన చెరువులా నెర్రెలిచ్చాయి. నెర్రెల్లోంచి కన్నీళ్ళు రావు, ఉప్పు రాలుతుంది. ఆ ఉప్పు కూరలో వేస్తాను.

నా కళ్ళు మరీ మండితే మా ఆయన ఏలియా చూస్తాడు. ఆయన గోడగూట్లో ఉంటాడు, ఉప్పుజాడీ పక్కన. పెళ్ళినాడు ఆయన ద్వారబంధానికి తల తగిలేంత మనిషి. వంతెన దగ్గర కూలీల అడ్డాలో నిలబడి, పని దొరక్క తిరిగొచ్చిన రోజల్లా కాస్త పొట్టివాడవుతాడు. మొదట్లో చొక్కా వదులైందనుకున్నాం. ఇప్పుడు జాడీకంటే వేలెడు తక్కువ ఉన్నాడు. గొంతు మాత్రం తగ్గలేదు.

"ఉప్పు పక్కన ఎట్టకే నన్ను, సెమ్మకి జలుబు సేత్తంది," అని పొద్దస్తమానం గొణుగుతాడు. కానీ పిల్ల దగ్గర రెప్ప వేయడు. ఆ విషయంలో ఆయన్ని ఒక్క మాట అనడానికి లేదు.

షెడ్డు సూపర్‌వైజరు భద్రంగారిని నేను సెలవడుగుతాను.

"సెలవు నీకా, నీ చేతులకా?" అంటాడాయన.

"నాకేనండి."

"మరింకేం, ఎల్లు. మేం పనిలో పెట్టుకుంది చేతుల్ని. నువ్వు ఆటి కూడా వచ్చేదానివి, అంతే."

ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది. నూకరత్నం పిన్ని గోడకేసి చూస్తూ నా మణికట్టు పట్టుకుని ఒక్క మెలిక తిప్పుతుంది. టిక్కు. రెండోదీ టిక్కు. నెత్తురు రాదు. రొయ్యకి ఉన్నట్టే ఒక నల్లటి నరం బయటికొస్తుంది, పిన్ని దాన్ని గోటితో లాగి పారేస్తుంది. బల్ల మీద నా చేతులు ఒకదాన్నొకటి రుద్దుకుని, గిన్నె దగ్గరకి లాక్కుని, పని మొదలుపెడతాయి. నేనున్నప్పటికంటే జోరుగా చేస్తున్నాయి.

"అదృష్టమంటే నీదే," అంటుంది పిన్ని. "నీ సేతులు పర్మినెంటంట. మాయి ఇంకా డైలీ మీదే ఉన్నాయి."

నేను చేతుల్లేకుండా తేలిగ్గా ఇంటికి నడిచొస్తాను. పీడ వదిలిందనుకుంటాను. నా పొరపాటు అక్కడే ఉంది. పనిచేసేవాళ్ళు షిఫ్టు అయ్యాక ఇంటికి వెళ్తారు. చేతులకి మా ఇల్లు తెలుసు, తలుపు గడియ తెలుసు, ఊయల తెలుసు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో సర్వే అమ్మాయి నిలబడి ఉంది. భుజాన పెద్ద సంచి, చేతిలో ట్యాబు. రాష్ట్రంలో ఎవరికి పని ఉందో, ఎవరు ఏం తింటున్నారో తేల్చడానికి వచ్చానంటుంది. చాలా మర్యాదగా మాట్లాడుతుంది.

"నోరు తెరవండమ్మా. ఆకలి లోతు చూడాలి."

తెరుస్తాను. నూతిలోకి వదిలినట్టు ఒక రాయి కట్టిన తాడు నా గొంతులోకి వదులుతుంది. రాయి దిగుతూనే ఉంది. గుండె పక్క నుంచి, బొడ్డు పక్క నుంచి, అరికాళ్ళ కింది నుంచి ఇంకా కిందకి దిగుతోంది. దాని చప్పుడు వినపడదు. చివరికి ఆమె చేతిలో తాడు అయిపోతుంది.

"అడుగు తగల్లేదండి. ఫరవాలేదు, తాడు పొడవే రాసుకుంటాను. అందరికీ అంతే రాస్తున్నాం." గొంతు గీరుకుపోయేలా తాడు పైకి లాగి, నెత్తుటి రాయిని నా చీర కొంగుకే తుడుస్తుంది. "ఇంట్లో పనికెళ్ళేవాళ్ళు ఎంతమంది?"

"నేనొక్కదాన్నేనండి."

"మీరిక్కడే ఉన్నారు కదమ్మా."

"నా చేతులు వెళ్ళాయండి."

"అయితే ఇద్దరు. కుడి ఒకరు, ఎడమ ఒకరు. ఇద్దరూ పర్మినెంటే. మీది పేద కుటుంబం కాదమ్మా ఇక." ఆమె ఆ మాట అనగానే డబ్బాలో ఉన్న రేషన్ బియ్యం గింజ వెనక గింజ బారు తీరి, గడప దాటి, చీమల్లా డిపో వైపు నడిచిపోతాయి.

"మరి నేనండీ?"

"మీరు వాళ్ళ మీద ఆధారపడ్డవారు." ఆమె గూట్లోకి తొంగి చూస్తుంది. "ఈయనకి పని ఉందా?"

"నాకేం తక్కువమ్మా," అంటాడు ఏలియా ఛాతీ విరుచుకుని. "పిల్లని కాపలా కాత్తన్నాను."

"దానికి కూలిస్తారా?"

"కన్నబిడ్డకి కూలేంటి?"

"అయితే పని లేనట్టే. ఈ ఊళ్ళో పని లేనివాళ్ళు ఉండకూడదని పైనుంచి చెప్పారండి." ఆమె రెండు వేళ్ళతో ఏలియాని మెడ దగ్గర పట్టి ఎత్తి, సంచి జిప్పు తీస్తుంది. లోపల్నుంచి చాలామంది మగాళ్ళ గొంతులు వినిపిస్తాయి. "జరగండెహె," అంటాడొకడు. "ఏ ఊరు బావా మీది?" అంటాడింకొకడు.

"ఒసేయ్ సువార్తా! ఇక్కడ మా అడ్డా అంతా ఉందే, పేకాట కూడా ఏసేత్తన్నారు!" అని అరుస్తాడు ఏలియా. వెంటనే గొంతు మారిపోతుంది. "పిల్లని సూడవే. రెప్పెయ్యకే!"

ఆపడానికి నాకు చేతుల్లేవు. సంచి పట్టీని కరుచుకుంటాను. సర్వే అమ్మాయి పట్టీని గుంజుతుంది, నన్ను గడప మీదుగా ఈడుస్తుంది, నా మొహం మీద మోకాలు ఆనించి మళ్ళీ గుంజుతుంది. నా పళ్ళన్నీ వరసగా ఊడి పట్టీకే ఉండిపోతాయి. "థాంక్సండి," అని ఆమె పక్కింటికి వెళ్తుంది. నడిచేటప్పుడు నా పళ్ళు గజ్జెల్లా మోగుతున్నాయి.

అప్పుడు కెజియ ఏడుస్తుంది.

పాలు నా దగ్గర ఉన్నాయి. ఎత్తుకోవడానికి చేతులు లేవు. పిల్లి తన పిల్లని పట్టినట్టు నోటితో ఎత్తుదామంటే పళ్ళు లేవు. ఊయల అంచు మీదికి వంగుతాను. పాలు దాని నోటికి అందక బుగ్గ మీద పడి, ఊయల చీర మడతల్లోకి ఇంకిపోతాయి. అది ఏడ్చి ఏడ్చి నీలంగా అవుతోంది. చేతులు కావాలి. షిఫ్టు అయ్యేలోపు వెళ్ళి, చేతులు తగిలించుకుని, దారి పొడుగునా వాటినే చూస్తూ వస్తే సరిపోతుంది. ఊయలని భుజంతో ఒక్క తోపు తోసి షెడ్డుకి పరిగెడతాను.

షెడ్డులో మాటలు లేవు. ఒక్క టిక్కు చప్పుడే ఉంది, అదీ ఆగిపోతోంది.

రొయ్యలు తొందరగా అయిపోయాయి. షిఫ్టు మాత్రం అవలేదు. చూసేవాళ్ళు లేక, చేతులు అందినది అందుకున్నాయి. వాచ్‌మన్, ఐసు లారీ డ్రైవరు, క్లీనరు, గోడకేసి కూర్చున్న ఆడవాళ్ళందరూ బల్లల పొడుగునా తలల్లేకుండా ఉన్నారు, ఒంటి మీద ఏప్రాన్లు కూడా తీయలేదు. నేల నిండా ఎర్రటి ఐసు నీళ్ళు కాలవ గట్టుని చేరుతున్నాయి. తలల్ని సైజుల ప్రకారం గిన్నెల్లో పేర్చాయి. భద్రంగారి తల మొదటి రకం గిన్నెలో ఉంది. ఆయన మొహంలో కాస్త గర్వం కనిపిస్తోంది.

నూకరత్నం పిన్ని తల మూడో రకంలో ఉంది.

"ఎవరు పిన్నీ నీది తీసింది?"

"నా సేతులేనే. ఇప్పుడయ్యీ పర్మినెంటు," అంటుంది. "ఈ ఐసు కాత్త పక్కకి జరపవే, సెవులు తిమ్మిరెక్కుతున్నాయి."

"జరపడానికి చేతుల్లేవు పిన్నీ. నాయి ఎక్కడ?"

"షిఫ్టయిపోయింది, ఇప్పుడే షెడ్డు బస్సెక్కాయి. నీ ఇంటికే."

బస్సు షెడ్డు గేటు దాటుతోంది. కిటికీకి ఒక జత చొప్పున చేతులు కూర్చుని ఉన్నాయి. డ్రైవరు సీట్లో ఒళ్ళు ఉంది, తల లేదు. స్టీరింగు పట్టుకున్నవి ఎవరి చేతులో తెలియదు కానీ బాగా నడుపుతున్నాయి. వెనక సీట్లో నా చేతులు ఒకదానిలో ఒకటి పెట్టుకుని బుద్ధిగా ఉన్నాయి. కుడి బొటనవేలు మాత్రం ఊరికే కదులుతోంది.

తలుపు కమ్మీ పట్టుకోవడానికి చేతుల్లేక బస్సు వెనకే పరిగెడతాను. చెరువుల మధ్య గట్టు మీద బస్సు వెళ్తుంటే, కిటికీల్లోంచి చేతులు దిగువకి వాలి రోడ్డుని వలిచేస్తున్నాయి. తారు పొలుసులు పొలుసులుగా లేచి చెరువుల్లో పడుతోంది. కింద తెల్లటి మెత్తటి రోడ్డు, దాని మధ్యలో పొడుగ్గా నల్లటి నరం. నేను ఆ నరం మీద పరిగెడుతున్నాను. అది జారుతోంది. నేను ఎంత ముందుకు పోతే అది అంత పొడుగవుతోంది.

నా వెనక చప్పుడవుతుంటే తిరిగి చూస్తాను. చెత్త గంపల్లోని తలలన్నీ వస్తున్నాయి. ఇన్నేళ్ళు నేను తీసిన రొయ్యల తలలు మీసాల మీద నడిచి వస్తున్నాయి. వాటి మధ్యలో పిన్ని తల దొర్లుతూ వస్తోంది. వాటికి నా మీద కోపం లేదు. "మేమూ సూత్తామే," అంటుంది పిన్ని రొప్పుతూ. ఇన్ని కళ్ళుంటే చేతులు ఆగుతాయి. కానీ మేమెవరమూ అక్కడికి చేరడం లేదు.

ఇల్లు ఇక్కడికి కనిపిస్తోంది. చేతులు పైకప్పు వలిచేశాయి, గోడలు వలిచేశాయి. ఊయల ఒక్కటే మిగిలింది. దేనికీ కట్టకుండా ఆకాశంలో వేలాడుతోంది. ఊగుతోంది. దాని అంచు మీద నా చేతులు రెండూ ఉన్నాయి.

నా చేతులు చూడకుండా చేయడం నేర్చుకున్న పనులు రెండే. ఒకటి మీకు చెప్పాను. రెండోది ఊయల ఊపడం. గోడకేసి జేరబడి, సగం నిద్రలో, నేను చూడకుండానే అవి ఊపేవి. ఇప్పుడు వాటికి రెండిట్లో ఏది గుర్తుందో ఇంత దూరం నుంచి నాకు తెలియడం లేదు.

మీరు దగ్గర్లో ఉంటే ఒక్కసారి వెళ్ళి చూడండి. వంతెన దిగి కాలవగట్టు మీద ఎడమకి తిరగండి. తల లేని పుంజు కూస్తున్న ఇంటి పక్కనే. ఆకుపచ్చ చీర ఊయల. పిల్ల పేరు కెజియ. ఏడుస్తుంటే ఎత్తుకోకండి, మీ చేతులు ఏం పని చేసి వచ్చాయో నాకు తెలియదు. ఊరికే అంచు మీదికి వంగి చూడండి. నేను వచ్చేదాకా రెప్ప వేయకండి.