మగ్గం గుంటలో బావురుపిల్లి

విజయవాడలో రైలు దిగిన దగ్గర్నుంచి చౌడేశ్వరమ్మ గొణుగుతూనే ఉంది. భోపాల్, నాగపూర్, రాయపూర్ అంటూ రెండు నెలలు చేనేత ప్రదర్శనల్లో నిలబడి చీరలమ్మిన కాళ్లు. పామర్రు దాకా ఒక బస్సు, నాగాయలంక దాకా ఇంకొకటి, అక్కణ్నుంచి ఆటో, ఆపైన పడవ. తీరా పడవ తమ ఊరి దిబ్బ దగ్గరకొచ్చేసరికి సముద్రపు ఆటుకు ఏటిపాయలో నీళ్లు వెనక్కి పోయాయి. మొగుడూపెళ్లాలిద్దరూ సంచులు నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు బురదలో నడిచారు.

"విజయవాడలోనే, భవానీపురంలో అమ్మాయింట్లో ఆగిపోయుంటే ఈపాటికి స్నానం చేసి పడుకునేదాన్ని."

భర్త మల్లేశ్వరరావు మడచెట్ల వైపు తిరిగి గట్టిగా ఊపిరి పీల్చాడు. "ఈ గాలి అక్కడెక్కడిదే?"

"బురద కంపండీ అది!"

ఆమె ఇంటి తాళం తీసి లోపల అడుగు పెట్టిందో లేదో, మగ్గం గుంటలోంచి బుస్సుమంది. సగం నేసి వదిలి వెళ్లిన చీర కింద ఏటిలో చేపలు పట్టి తినే మచ్చల బావురుపిల్లి పడుకుని పిల్లలకు పాలిస్తోంది. పెరటి కిటికీ రెక్క ఊడి వేలాడుతోంది.

కబురందుకుని అడవి కాపలాదారు ఆరోన్ వచ్చి గుమ్మంలోంచే తొంగిచూశాడు. "కదపకండమ్మా. బెదిరితే పిల్లల్ని వదిలేసి పోద్ది. నాలుగు రోజులాగితే అదే తీసుకుపోద్దండీ."

"నా మగ్గంలో నేను కూర్చోడానికి పిల్లి సెలవివ్వాలా?"

అలా అంటూనే వసారాలో పొయ్యి పెట్టుకుంది. మల్లేశ్వరరావు చేపముక్కలు తెచ్చి గుంట వైపు జారవిడిస్తుంటే, "మనకు లేని కూర దానికా?" అని విరుచుకుపడింది.

నాలుగు రోజులు కాస్తా వారం దాటింది. ఒక ఉదయం తల్లి ఒక పిల్లను నోట కరుచుకుని కిటికీలోంచి దూకి మడచెట్లలోకి పోయింది. మళ్లీ వచ్చి రెండోదాన్ని తీసుకుపోయింది. మూడోదాని కోసం వస్తుండగా ఊరకుక్కలు మొరుగుతూ ఎగబడ్డాయి. చౌడేశ్వరమ్మ పడవ తెడ్డు లాక్కుని, చీర ఎగ్గట్టి బురదలోకి దిగింది. తిడుతూ, తరుముతూ, పిల్లి మూడోదాన్నీ కరుచుకుని చెట్లలో కలిసిపోయేదాకా అక్కడే నిలబడింది.

లోపలికొచ్చి చూస్తే పడుగు దారాలు సగానికి సగం తెగి, మగ్గమంతా ముక్కు పగిలే వాసన. అప్పుడే కూతురు శ్రీదుర్గ ఫోన్ చేసింది.

"పిల్లి పోయిందటగా అమ్మా, నాన్న చెప్పాడు! ఇంక మా ఇంటికి వచ్చేయ్."

"ఎక్కడికొచ్చేది? ముదనష్టపుది దారాలన్నీ తెంపి పోయింది. ఇవన్నీ ఎవరతుకుతారు, మీ నాన్నా?"

ఫోన్ అరుగు మీద పడేసి, ముక్కుకు కొంగు చుట్టుకుని గుంటలోకి దిగింది. మొదటి పోగు వెతికి పట్టుకుంది.