ఎడమ చెవి రబ్బరు

ఇయర్‌ఫోనుకి చిన్న రబ్బరు పెడితే పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంది, మృదంగం మోత సగం బయటికే కారిపోతోంది, అంటే చెవికీ రబ్బరుకీ మధ్య సందు ఉందన్నమాట, సందున్న చోట ఏదైనా కారుతుంది, ఇది దామోదరానికి ఒకరు చెప్పాలా, ఇరవై ఆరేళ్ళుగా నగరిలో మరమగ్గాల మధ్య నిలబడినవాడికి, దీన్ని తీసేసి పెద్దది ఇవ్వప్పా అన్నాడు, తిరుపతి బస్టాండు ఎదుట ఆ ఇరుకు సెల్‌ఫోన్ కొట్లో జోయల్ తలెత్తి, ఎందుకన్నా అట్ల అరుస్తావు, ఈడే కదా నేనుండేది, అని నవ్వాడు, మగ్గాలోళ్ళ గొంతు ఇంతేలే అబ్బా, షెడ్డులో ఒకరి మాట ఒకరు పెదాలు చూసి అర్థం చేసుకోవాల్సిందే, పెద్ద రబ్బరు చెవిలో బిర్రుగా కూర్చుంది, ఇప్పుడు మృదంగం గుండెలో మోగింది, బాగుంది, కానీ తాళాలు, ఆ భజన పాటలో చరణం చివర గలగలమనే ఇత్తడి తాళాలు, కుడి చెవిలో ఒక్కొక్కటీ విడివిడిగా పలుకుతున్నాయి, ఎడమ చెవిలో తడిగుడ్డ కప్పినట్టు, అసలు లేవు, ఇదే తంటా, కూతురు పూజిత ముచ్చటపడి ఈ ఇయర్‌ఫోన్లు కొనిచ్చి నెల కాలేదు, వీటి కోసం బస్సెక్కి రావడం ఇది మూడోసారి, జోయల్ స్పాంజిలాంటిది తీశాడు, ఫోమంటారన్నా దీన్ని, వేళ్ళతో నలిపి పెట్టుకో, లోపల అదే ఉబ్బుతాది, ఉబ్బింది, బస్టాండు ఆగిపోయింది, హారన్లు, తిరుమల తిరుమల అని పిలిచే కండక్టర్లు, అంతా ఎవరో తలుపేసినట్టు, భయం కూడా వేసింది, షెడ్డులో భార్య ప్రసూనాంబ ఇలాగే చెవుల్లో దూది కుక్కుకునేది, తను వెక్కిరించేవాడు, చెవి మూసుకున్నోళ్ళు మగ్గాన్ని ఏం కనిపెడతారే, చెడిపోయే ముందు మగ్గమే సెప్తాది, ఇనేటోడుండాల, అని, ఆ వినేవాడు తనే, నగరిలో ఏ షెడ్డులో మగ్గం మొరాయించినా దామోదరాన్ని పిలవండిరా అనేవాళ్ళు, తను వెళ్ళి ఎడమ చెవి వంచి, దాదాపు ఆనించి, నూలు మోసే నాడె ఇటు నుంచి అటు కొట్టుకుపోయే చప్పుడు కళ్ళు మూసుకుని వినేవాడు, ఫలానా బోల్టు వదులైందప్పా అనేవాడు, వదులయ్యే ఉండేది, మెకానిక్కులు నోరు తెరిచేవాళ్ళు, ఆ గర్వం మామూలుదా, ఫోముతో కుడివైపు తాళాలు కూడా కాస్త మెత్తబడ్డాయి, ఎడమవైపు మాత్రం మళ్ళీ సున్నా, వెడల్పు మూతిది ఏమన్నా ఉండాదా, ఉండాదన్నా, మూతి వెడల్పుంటే సన్న సౌండు బాగా వస్తాది, వచ్చింది, కుడి చెవిలో గుచ్చుకునేంత పదునుగా వచ్చింది, ఎడమలో రాలేదు, ఈ ఎడమ ముక్కే డొక్కుదప్పా, మార్చెయ్.

జోయల్ వాటిని తీసి తుడిచి తన చెవుల్లో పెట్టుకుని విన్నాడు, రెండుపక్కలా బాగుండాదన్నా, ఒక పని చెయ్, ఎడమది కుడి చెవిలో పెట్టు, కుడిది ఎడమలో, పెట్టాడు, డొక్కుదన్న ముక్క కుడి చెవిలో గలగలా మోగింది, మంచిదన్న ముక్క ఎడమ చెవిలో తడిగుడ్డయి కూర్చుంది, మళ్ళీ మార్చాడు, మళ్ళీ అంతే, జోయల్ రబ్బర్లు సర్దుతూ ఏదో అన్నాడు, పెదాలు చూస్తే అర్థమైంది, చెవుల డాక్టరుకు ఒకసారి సూపించుకోన్నా, అవును, ప్రసూనాంబ ఈ మధ్య నడిచేటప్పుడు తన కుడిపక్కకే వస్తోంది, ఎందుకని అడిగింది లేదు, ఆమె చెప్పింది లేదు, ఎప్పటి నుంచి, ఏడాదా, రెండేళ్ళా, అయితే పోయిన నెల, మునిచంద్ర మగ్గం, ఆ ఆలోచన రావద్దనుకున్నాడు, వచ్చింది.

అన్నా, నా మగ్గం సప్పుడు మారిందన్నా, సన్నంగా కీచుమంటాది, ఒకసారి సూడు, అని పద్దెనిమిదేళ్ళు పక్కనే పనిచేసిన మునిచంద్ర చేయి పట్టుకుని తీసుకెళ్ళాడు, తను ఎప్పటిలాగే ఎడమ చెవి వంచాడు, కళ్ళు మూసుకున్నాడు, ఏమీ లేదే, బంగారంలాంటి మగ్గం, ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాదప్పా నీ కత, పోయి పని సూసుకో, అన్నాడు, దామోదరం విన్నాక ఆ షెడ్డులో ఇంకో మాట ఉండదు, మునిచంద్ర తల వంచుకుని వెళ్ళాడు, మూడో రోజు నాడె పడుగులో ఇరుక్కుని వందల పోగులు పుటుక్కున తెగాయి, పెళ్ళివాళ్ళ చీరలు, ఓనరు మునస్వామి అందరినీ నిలబెట్టి అడిగితే, మగ్గంలో దోషం లేదు, నేనే ఇన్నాను, వీడే ఏమరుపాటుగా ఉన్నాడు, అన్నది ఎవరు, తనే, ఆ సాయంత్రమే మునిచంద్రను పనిలోంచి తీసేశారు, ఇప్పుడు తిరుచానూరులో ఏదో లాడ్జిలో దుప్పట్లు మారుస్తున్నాడట, పోగు ముడేస్తే ముడి కనపడనివ్వని వేళ్ళు అవి, పోయేటప్పుడు గేటు దగ్గర ఆగి ఒక్క మాటే అన్నాడు, నువ్వు బాగా ఇన్నావాన్నా, అని, తనకు ఒళ్ళు మండింది, నా చెవినే అడుగుతావా అని.

ఏది ఉంచమంటావన్నా, జోయల్ అడుగుతున్నాడు, ఏదైనా ఒకటేలే, సిగ్గుతో మొహం కాలిపోతోంది, ఈ సంగతి జోయల్‌కు, ఇంట్లో ప్రసూనాంబకు తప్ప ఎవరికీ తెలియదు, వీడికి మునిచంద్ర ఎవరో తెలియదు, నోరు మూసుకుని నగరి బస్సెక్కితే సరిపోతుంది, పేరు నిలుస్తుంది, చెబితే ఇక ఏ షెడ్డువాడూ పిలవడు, తను నేసే మగ్గాలు కూడా మునస్వామి ఇంకొకరికి ఇచ్చేస్తాడేమో, ఈ వయసులో ఏం చేయాలి, దుప్పట్లు మార్చాలా, మార్చాలేమో, వాడు మారుస్తున్నాడు కదా, రోడ్డు దాటుతుంటే ఎడమ నుంచి వచ్చిన ఆటో మోకాలికి తగిలేంత దగ్గరకొచ్చి ఆగింది, రాలేదే చప్పుడు అనుకున్నాడు, వచ్చే ఉంటుంది, డ్రైవరు చేయి ఊపుతూ తిడుతున్నాడు, యాడికి పోవాల పెద్దాయనా, సూసుకోవా, తిరుచానూరు, అని దామోదరం ఎక్కి కూర్చున్నాడు, ఆ రోజు మగ్గం చెప్పనే చెప్పింది, మునిచంద్ర విననే విన్నాడు, ఒక చెవిటివాడి మాట మీద ఒక మంచి పనివాడి పని పోయింది, ఆ చెవిటివాడు తనే.