ఏటవాలు రేవు

ఆవిడ భర్త పోయి ఏడాది తిరక్కుండానే మరిది మనసులో మాట బయటపెట్టాడు. "పడవ నీకెందుకు వదినా? నీళ్లలోంచి ట్రైలర్ మీదికి ఎక్కించడం నీ ఒక్కదాని వల్ల అయ్యే పనా? నాకిచ్చెయ్."

ఆవిడకు ఒళ్లు మండింది. ఆయన వస్తువుల్లో ఆవిడ ఉంచుకోవాలనుకున్నది ఆ పడవ ఒక్కటే. "ఏ రేవుకైనా రా. నీ కళ్లముందే ఎక్కిస్తా. చేతకాకపోతే తీసుకుపో," అంది. మరిది తక్కువవాడా? చుట్టుపక్కల అన్నిటికన్నా ఏటవాలుగా ఉన్న రేవును ఏరికోరి ఎంచాడు.

ఇంటి దగ్గరి రేవు దాదాపు చదును. అక్కడ ట్రైలర్ చక్రాలు పూర్తిగా మునిగేదాకా కారును వెనక్కి పోనిచ్చి, తాడు చుట్టే మర తిప్పితే చాలు, పడవ బుద్ధిగా వచ్చి కూర్చుంటుంది. ఇంట గెలిచాను కదా అని ఆవిడ రచ్చలోనూ అదే చేసింది. చక్రాలు మునిగాయి, పడవ వచ్చింది. తీరా కారు పైకి లాగితే పడవ ఓ పక్కకు ఒరిగి ఉంది. మళ్లీ నీళ్లలోకి దించింది. మళ్లీ అదే కథ. వెనక కాచుకుని ఉన్నవాళ్లు హారన్ మోగించారు.

"నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడు మరిది, చేతులు కట్టుకుని.

నిజం చెప్పొద్దూ, ఆవిడకు ఏడుపొచ్చింది. దాన్ని దిగమింగి, కారు దిగి నీళ్లలోకి నడిచింది. వాలు ఎక్కువ కాబట్టి ట్రైలర్ వెనకభాగం మరీ లోతుకు పోయింది. పడవ దానికి ఆనకుండా తేలుతోంది. ఆనని పడవ గాలి ఎటు తోస్తే అటే పోతుంది మరి.

కారును కాస్త ముందుకు తెచ్చి, చక్రాలు సగమే మునిగేలా ఆపింది. "నీళ్లు చాలకపోతే ఎలా ఎక్కుతుంది?" అని మరిది నవ్వాడు. ఆవిడ కారు దిగింది. మర తిప్పింది. ఈసారి బరువెక్కువ, భుజాలు లాగేశాయి. పడవ గీసుకుంటూ వచ్చి సరిగ్గా నడిమధ్యన కూర్చుంది.

గట్టుమీద పడవకు పట్టీలు బిగిస్తుంటే మరిది దగ్గరికొచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"అసలు నీకిది ఎందుకయ్యా?" అని అడిగింది.

"అన్నయ్య నన్ను ఒక్కసారి కూడా ఎక్కించుకోలేదు వదినా."

ఎందుకో ఆవిడకు తెలుసు. 'వాడి వాగుడికి చేపలు పారిపోతాయి' అనేవాడు ఆయన. ఆ మాటకు ఆవిడా పడీపడీ నవ్వేది. ఇప్పుడు సిగ్గేసింది.

పట్టీ కొస అతని చేతికిచ్చింది. "గట్టిగా లాగి కట్టు. ఆదివారం ఇద్దరం వెళ్దాం."