హస్నా ఎంచుకున్న నీళ్ళు

హస్నాకి ఆ చలికాలమంతా ఒకచోట నిలకడగా కూర్చోవడం చేతకాలేదు. పొయ్యి మీద రొట్టె వేసి, అది పొంగేలోపే లేచి ఫోను చూసుకునేది. పొద్దున థాయిలాండ్‌లో ఒక దీవి బాగుండేది. మధ్యాహ్నానికి మనసు హొండురస్‌లో ఇంకో దీవి మీదికి దూకేది. మేకల్ని తోలుకొచ్చే వేళకి జాంజిబార్ తప్ప మరొకటి పనికిరాదనిపించేది. మూడు చోట్లా డైవ్ మాస్టర్ శిక్షణ ఇస్తారు. అది పూర్తిచేస్తే సిలిండర్ వీపున కట్టుకుని నలుగురినీ తన వెంట నీళ్ళ అడుక్కి తీసుకెళ్ళొచ్చు. దాని మీద బతకొచ్చు.

"నిన్న థాయిలాండ్‌లో పడుకున్నావు కదే, ఇవాళ ఎక్కడ లేచావు?" అనేది తల్లి ఉమ్ ఈద్. "ఎక్కడైనా లేవవే తల్లీ, ముందు ఆ రొట్టె తిప్పు."

తండ్రి సువేలింకి ఇది నవ్వులాటగా లేదు. ఆయన తన పికప్ బండిలో డైవర్లనీ సిలిండర్లనీ తమ ఊరు దహబ్ తీరం పొడవునా తిప్పుతాడు. "ఇటలీ వాడూ ఇక్కడికే వస్తాడు, కొరియా వాడూ ఇక్కడికే వస్తాడు. మా అమ్మాయికి మాత్రం గుమ్మం ముందున్న సముద్రం ఆనదు. ఇంకా నయం, చందమామ మీద నీళ్ళున్నాయని దీనికెవరూ చెప్పలేదు," అని బండెక్కిన వాళ్ళందరి దగ్గరా వాపోయేవాడు.

ఆనకపోవడం కాదు. ఆ సముద్రంలో తనకంటూ చోటు లేదని హస్నా బాధ. బాబాయి జుమా నడిపే డైవింగ్ సెంటర్‌లోనే ఆమె పని చేసేది. సామాను సర్దేది, కొత్తవాళ్ళకి డైవింగ్ జాకెట్ బిగించేది, గుంపు చివర నడిచేది. నీళ్ళలోకి దిగితే చాలు, జుమా చెయ్యి ఆమె జాకెట్ పట్టీ మీదికి వచ్చేది. వచ్చినవాళ్ళకి "మా అన్న కూతురు, మా ఈద్ చెల్లెలు" అని చెప్పేవాడే కానీ పేరు చెప్పేవాడు కాదు. ఒక్కసారి నేను ముందుంటాను బాబాయ్ అంటే, "గాలి తగ్గనీ అమ్మా, చూద్దాం," అనేవాడు. గాలి తగ్గేది. ఆయన మాట మాత్రం మారేది కాదు.

జుమా అంతలా భయపడటానికి కారణం హస్నా అన్న ఈద్. ఒకప్పుడు దహబ్‌లో ఈద్‌ని మించిన డైవర్ లేడనేవాళ్ళు. ఒకరోజు అప్పటికే చాలాసార్లు నీళ్ళలోకి దిగి ఉన్నాడు. ఎవరో సరదాగా లోతుకి వెళ్ళి మునిగిపోతుంటే మళ్ళీ దిగి, అతన్ని పట్టుకుని ఒక్క ఊపున పైకి తెచ్చాడు. అతను బతికాడు. అంత వేగంగా పైకి రావడంతో ఈద్ రక్తంలో గాలి బుడగలు కట్టాయి. ఛాంబర్ అనే ఇనప గదిలో రోజుల తరబడి పడుకోబెట్టి గాలి ఒత్తిడితో ఆ బుడగల్ని కరిగించారు. ప్రాణం దక్కింది, ఎడమ కాలు మాత్రం ఈడ్చుకుంటూనే మిగిలింది. ఇప్పుడు సెంటర్ వెనక నీడలో కూర్చుని, డైవర్లు గాలి పీల్చే నోటి గొట్టాలు బాగుచేస్తుంటాడు.

హస్నా ఫోను తీసుకెళ్ళి అన్నకి మూడు దీవులూ చూపించింది.

"ఫొటోలు బావున్నాయి," అన్నాడు ఈద్. "ఛాంబర్ ఎంత దూరం?"

"ఏమో."

"నేర్పేది ఎవరు?"

"మంచివాళ్ళేనంట."

"నీళ్ళెలా ఉంటాయి?"

"ఎలా ఉండటమేంటి అన్నా? నీలంగా ఉంటాయి, కనబడటంలా?"

ఈద్ ఫోను తిరిగిచ్చేశాడు. "నువ్వు చోటు వెతకటంలేదే. పారిపోవడానికి దారి వెతుకుతున్నావు."

హస్నాకి ఒళ్ళు మండిపోయింది. "నీకు నీళ్ళంటే భయం పట్టుకుంది. నన్నూ నీ పక్కన కూర్చోబెట్టుకోవాలని చూస్తున్నావు," అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. ఈద్ తల వంచుకుని స్క్రూ బిగించుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

ఎండలు మొదలయ్యాక ఒక పొద్దున దక్షిణం నుంచి ఇసక గాలి లేచింది. మామూలుగా అయితే అలాంటి రోజు ఎవరూ దిగరు. గాలి ముదిరేలోపు వచ్చేద్దామని జుమా ఒక చిన్న గుంపుని తీసుకెళ్ళాడు. చివర్లో హస్నా, ఆమె పక్కన ఎల్కే అనే జర్మన్ పెద్దావిడ. వెళ్ళేటప్పుడు నీళ్ళు బాగానే ఉన్నాయి. తిరిగొస్తుంటే అడుగున ఇసక మొత్తం రేగింది. ముందున్న జుమా కాళ్ళకి తొడుక్కున్న రబ్బరు రెక్కలు మాయమయ్యాయి. పగడపు గుట్ట మాయమైంది. చూస్తుండగానే చుట్టూ పాలు కలిపిన టీ రంగు తప్ప ఏమీ మిగల్లేదు.

పుట్టి బుద్ధెరిగాక హస్నా ఎప్పుడూ అడుగు కనబడని నీళ్ళలో లేదు. పైకెటో కిందకెటో తెలియలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంది. గాలి పీలుస్తోంది కానీ చాలడంలేదు. ఇంకేమీ ఆలోచించకుండా కాళ్ళు తన్ని పైకి లేవబోయింది. అన్నని కుంటివాణ్ణి చేసిన పని సరిగ్గా అదే.

కాలి మడమ దగ్గర ఎవరో గట్టిగా పట్టుకుని కిందికి లాగారు. ఎల్కే. ఆమె హస్నా రెండు భుజాల పట్టీలూ దొరకబుచ్చుకుని, ముఖానికి ముఖం ఆనేంత దగ్గరికి లాక్కుని, నెమ్మదిగా ఊపిరి వదులుతూ చూపించింది. మళ్ళీ పీల్చింది, మళ్ళీ వదిలింది. హస్నా ఆ ముసలి కళ్ళని చూస్తూ ఊపిరి కలిపింది. తర్వాత ఇద్దరూ ఆగి ఆగి పైకొచ్చారు.

ఒడ్డున జుమా తల కొట్టుకుంటున్నాడు. వీళ్ళని చూడగానే పరిగెత్తుకొచ్చి హస్నాని కావలించుకున్నాడు. "పెద్దావిణ్ణి క్షేమంగా తెచ్చావమ్మా! నా పరువు నిలబెట్టావు!" అన్నాడు. ఎల్కే ఆయన్ని చూసింది, హస్నాని చూసింది, ఏమీ చెప్పకుండా జాకెట్ విప్పుకుంది. తర్వాత హస్నాతో మాత్రం, "మా ఊరి చెరువులో నా చెయ్యి నాకే కనబడదు. అక్కడే నేర్చుకున్నాను. నాకిది అలవాటేనమ్మా," అంది.

సాయంత్రానికి వార్త ఊరంతా పాకింది. సువేలిం ఆనందం పట్టలేక పక్కింటివాళ్ళని పిలిచి మేకని కోయించాడు. "ఇసక తుఫానులో జర్మన్ ఆవిణ్ణి ఒంటి చేత్తో తెచ్చింది నా కూతురు! అలాంటి పిల్లని నేనెందుకు ఆపాలి? ఏ దేశం కావాలంటే ఆ దేశం వెళ్ళమ్మా!" అన్నాడు అందరి ముందూ.

చలికాలమంతా ఏ మాట కోసం ఇల్లంతా గిరగిరా తిరిగిందో ఆ మాట వచ్చింది. హస్నాకి ముద్ద దిగలేదు. లేచి మేకల దొడ్డి దాకా నడిచింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ నడిచింది. చివరికి ఈద్ దగ్గర కూలబడి జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

"నాకు నీళ్ళంటే భయం లేదు హస్నా," అన్నాడు ఈద్. "డాక్టరు దిగొద్దన్నాడు, అంతే. గాలి తగ్గినప్పుడల్లా దిగాలనే ఉంటుంది."

"తెలీక అన్నానన్నా."

"సరేలే. నాన్నకి చెబుతావా?"

"చెబితే వెళ్ళనివ్వడు."

"వెళ్ళనివ్వడు," అని ఒప్పుకున్నాడు ఈద్. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

మర్నాడు సువేలిం బండికి నీళ్ళు పోస్తుంటే హస్నా వెళ్ళి నిలబడి చెప్పింది. ఆయన ముఖం ముడుచుకుపోయింది. "నిన్న ఊరందరికీ మాంసం పెట్టాను కదే," అన్నాడు. "నువ్వెక్కడికీ వెళ్ళటంలేదు," అని బండి తలుపు దభాలున వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో ఇంట్లో గ్లాసు పెట్టిన చప్పుడు కూడా తిట్టులా వినబడేది. హస్నా ఊరికే ఉండలేక మూడు దీవులకీ ఫోన్లు చేసింది, ఈసారి అన్న అడిగిన ప్రశ్నలతో. థాయిలాండ్ కుర్రాడు ఛాంబర్ సంగతి కనుక్కుని చెబుతానన్నాడు. హొండురస్ ఆవిడ, మా నీళ్ళు ఏడాది పొడుగునా అద్దంలా ఉంటాయి, కంగారు పడొద్దని నవ్వింది. జాంజిబార్‌లో నేర్పే మయాసా అనే ఆమె మాత్రం ఛాంబర్ ఏ ఊళ్ళో ఉందో, ఎలా వెళ్ళాలో గబగబా చెప్పేసి, "వానల్లో మాత్రం రాకు. మన్ను కొట్టుకొస్తుంది, పోటు లాగేస్తుంది, కాళ్ళు కనబడవు. ఎవరూ రారు," అంది.

"నేను వానల్లోనే వస్తాను," అంది హస్నా. ఫోను పెట్టేసి, అడుగు కనబడని నీళ్ళలోనే నేర్చుకుంటాను, జాంజిబారే వెళ్తానని నాన్నకి కూడా వినబడేలా ఈద్‌తో చెప్పింది.

ఎల్కే తిరుగు ప్రయాణానికి సువేలిం బండే కుదిరింది. దారిలో ఆమె ఏం చెప్పిందో ఆయన ఇంట్లో చెప్పలేదు. రాగానే మాత్రం ఈద్ పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వైతే ఏమంటావురా?"

"నాకు భయపడటం ఎవరూ నేర్పలేదు నాన్నా. అందుకే ఆ రోజు దూకాను. దీనికి భయమేసినప్పుడు పక్కన ఒకళ్ళున్నారు. ఇంకోసారి భయమేసినా పక్కన మనిషి ఉన్నచోటే వెయ్యనీ."

"నువ్వు కూడా వెళ్ళు మరి దీనితో."

"నేనొస్తే ఇది నీళ్ళలో ఉండి కూడా ఒడ్డునే చూస్తుంది."

సువేలిం తలపాగా విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు చూడకుండానే, "ఆ జాంజిబార్‌లో నేర్పేది ఆడమనిషేనా?" అని అడిగాడు.

"అవును నాన్నా."

"నమాజు చేసే మనిషేనా?"

"అవును నాన్నా."

"ఊళ్ళోవాళ్ళకి మాంసం సంగతి ఏం చెప్పుకోవాలో నాకు తెలీటంలేదు," అని గొణుక్కుంటూ లేచి వెళ్ళాడు. ఉమ్ ఈద్ లోపల్నుంచి, "తిన్నారుగా, అరిగిపోయింది, ఇంకేం చెప్పాలి?" అంది.

జాంజిబార్‌లో హస్నా దిగిన రోజు ఆకాశం నేలకి ఆనుకుని ఉంది. మర్నాడు పడవ మీద వాన దంచి కొడుతుంటే మయాసా వెనకే దిగింది. నీళ్ళు ఆకుపచ్చగా, చిక్కగా ఉన్నాయి. పోటు పక్కకి ఈడుస్తోంది. గుండె మళ్ళీ చెవుల్లోకి వచ్చింది. చెయ్యి చాపితే పడవ నుంచి అడుక్కి వదిలిన తాడు తగిలింది. దాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని, లోపలికీ బయటికీ పోయే గాలినే వింటూ కిందికి జరిగింది. మళ్ళీ కళ్ళు తెరిస్తే ముందు ఏమీ లేదు. అయినా కాళ్ళు తన్నలేదు.

పైకొచ్చి పడవ అంచు పట్టుకున్నాక మయాసా ముసుగు పైకి తోసి, "భయమేసిందా?" అని అడిగింది.

"వేసింది."

"ఎంత?"

"ఇంటికి పోదామన్నంత."

మయాసా ఆమె సిలిండర్ ముల్లు వంగి చూసింది. "ఇందులో గాలి ఇంకా బోలెడుంది. పద," అని వానలోంచి మళ్ళీ కిందికి దిగింది. హస్నా నోటి గొట్టం సర్దుకుని ఆమె వెనక మునిగింది.