పద్దెనిమిదో ప్రమాదం

ఆ రకం విమానం చూడ్డానికి చాలా బుద్ధిమంతురాలిలా ఉంటుంది. రెండే సీట్లు, పైన రెక్క, కింద మూడు చక్రాలు. అమ్మేవాళ్లు ఇచ్చే రంగుల పుస్తకం నిండా దాని గురించి పొగడ్తలే. అది ఎక్కడెక్కడ కూలింది, ఎందుకు కూలింది అన్నది మాత్రం ఆ పుస్తకంలో వెతికినా దొరకదు. ఇల్లు అద్దెకిచ్చేవాడు వానొస్తే పైకప్పు కారుతుందని ముందే చెబుతాడా?

ఆ కూలిన కథలన్నీ ఏరి ఒక పట్టికగా రాసే పని టీచరు నెత్తిన పడింది. ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్పేది కాబట్టి అందరూ ఆమెను టీచరనే పిలిచేవారు. పద్నాలుగు నెలలుగా ఆమె ఎవరికీ ఏమీ నేర్పడం లేదు, పిలుపు మాత్రం మిగిలింది. సభ్యులందరి ముందూ ఆ మోడల్ ప్రమాదాల గురించి ఉపన్యాసం ఇస్తే లైసెన్సు తిరిగి ఇప్పిస్తామని కమిటీ మాటిచ్చింది. పట్టికలో మొత్తం పద్దెనిమిది ప్రమాదాలు. పద్దెనిమిదోది ఆమెదే.

దాని గురించి విచారణాధికారులు రెండు ముక్కల్లో తేల్చేశారు: పెట్రోలు అయిపోయింది, పైలట్ చూసుకోలేదు.

ఆ విమానంలో పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లును ఎవరూ నమ్మరు. ట్యాంకులో సగం ఉంటే నిండుగా ఉందంటుంది, నిండుగా ఉంటే అసలేమీ లేదంటుంది. పోనీ ఎప్పుడూ నిండుగా పోసుకుని ఎగురుదామా అంటే, ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటే అంత బరువుతో లేవనని ఇంజను మొరాయిస్తుంది. అందుకని క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. హ్యాంగర్ గోడకు, మేకుకు వేలాడుతూ ఒక కర్ర ఉంటుంది. దాని మీద లీటర్ల గుర్తులు చెక్కి ఉంటాయి. రెక్క మీది మూత తీసి, కర్ర లోపలికి దించి, ఎంత తడిసిందో చూసి ఆ లెక్కన బయలుదేరాలి. ఆమెకు ఈ పద్ధతి నేర్పింది క్లబ్బు ఇంజనీరు. ఆయన ఆమెకు సొంత మేనమామ. క్లబ్బు వాళ్లకు పెద్దాయన, ఆమెకు మామయ్య.

ఆ రోజు ఆమె పక్క సీట్లో ఒక నర్సు కూర్చుంది, నేర్చుకోవడానికి వచ్చిన నడివయసు మనిషి. యాభై నిమిషాలు ఎగిరి తిరిగి వస్తుంటే, రన్‌వే ఇక అల్లంత దూరాన ఉందనగా ఇంజను ఆగిపోయింది. టీచరు విమానాన్ని దున్నిన పొలంలో దించింది. ముందు చక్రం మట్టిలో దిగబడి విమానం బోర్లా పడింది. ఆమెకు భుజం విరిగింది. నర్సుకు వెన్నుపూస దెబ్బతింది, ఇప్పటికీ ఊతకర్ర లేకుండా నాలుగడుగులు వేయలేదు.

ఆస్పత్రి మంచం మీద టీచరు అందరితో ఒకటే చెప్పింది. నేను కొలిచాను, నలభై అయిదు లీటర్లు ఉంది. అధికారులు హ్యాంగర్‌లోని కర్ర తీసుకెళ్లి పరీక్షించారు. కర్ర మీది గుర్తుల్లో ఒక్క లీటరు తేడా లేదు. ఎగిరిన యాభై నిమిషాలను బట్టి ట్యాంకుల్లో ఉన్నది ఇరవై రెండు లీటర్లే, నిజంగా కొలిచి ఉంటే అదే కనబడాలి. అంటే కొలవలేదు. కొలిచానని అబద్ధమైనా చెబుతూ ఉండాలి, లేదా ముందురోజు కొలిచింది గుర్తుపెట్టుకుని ఆ రోజు కొలిచానని భ్రమపడైనా ఉండాలి.

రెండు నెలలు ఆమె ఒప్పుకోలేదు. మూడో నెలలో తన మీద తనకే అనుమానం మొదలైంది. మనిషికి పదిమంది పదిసార్లు చెబితే తన చెయ్యి తనదేనా అన్న సందేహం కూడా వస్తుంది. ఒక రోజు మామయ్య ఇంటికి వెళ్లి ఆయన భుజం మీద తలపెట్టి భోరుమంది.

"నేనే మర్చిపోయి ఉంటాను మామయ్యా. నేనే ఆవిడ బతుకు పాడుచేశాను."

ఆయన ఆమె తల నిమిరాడు. "ఊరుకో తల్లీ. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు.

ఆ మర్నాడే ఆమె నర్సు దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకుంది. నర్సు తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇదంతా జరిగిపోయిన కథ. ఇక పట్టిక సంగతి. టీచరు క్లబ్బు ఆఫీసు గదిలో, ఒక కాలు కుంటే బల్ల ముందు కూర్చుని వారం రోజులుగా రిపోర్టులు చదువుతోంది. దేశదేశాల నుంచి తెప్పించినవి. చదివే కొద్దీ ఆమెకు విసుగొచ్చింది, ఎందుకంటే మనుషులు కొత్తగా ఏమీ చావడం లేదు. కార్బ్యురేటర్‌లో మంచు పట్టి ఇంజను ఆగినవి నాలుగు. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో గిర్రున తిప్పబోయి నేలకు కొట్టుకున్నవి అయిదు. దిగేటప్పుడు బంతిలా ఎగిరెగిరి ముందు చక్రం విరగ్గొట్టుకున్నవి మూడు. పెట్రోలు అయిపోయినవి తనదాంతో కలిపి ఆరు. ఆ ఆరింటికీ కారణం గడిలో ఒకటే మాట: పైలట్ నిర్లక్ష్యం. పైలట్ చచ్చిపోతే ఆ మాట రాయడం మరీ సులువు, ఎదురు చెప్పేవాడుండడు.

అయితే పద్నాలుగో ప్రమాదం రిపోర్టు రాసినవాడెవడో చాదస్తపు మనిషి. అందరూ వదిలేసిన చోట అతను వదల్లేదు. ఆ విమానానికి కొత్త ట్యాంకులు వేశారు. కంపెనీ కొత్త ట్యాంకుల అడుగు ఇరుగ్గా చేసింది, పాతవాటి అడుగు వెడల్పు. పాత ట్యాంకుకు గుర్తులు పెట్టిన కర్రతో కొత్త ట్యాంకును కొలిస్తే, ఉన్నదానికి రెట్టింపు చూపిస్తుంది. పైలట్ కొలిచాడు, కర్రే తప్పు చెప్పింది అని అతను రాశాడు.

టీచరు ఆ పేజీ పక్కన తన లెక్క రాసుకుంది. ఇరవై రెండు, నలభై అయిదు. తన విమానానికి ప్రమాదానికి పది రోజుల ముందు మామయ్య కొత్త ట్యాంకులు వేశాడు. కానీ కర్ర సరిగ్గానే ఉందని అధికారులు తేల్చారు కదా? మామయ్య ముందే గుర్తులు మార్చి ఉంటాడు, తానే కొలవలేదేమో. అప్పటికీ ఆమె మనసు మామయ్య వైపే మొగ్గుతోంది. ఎప్పుడు మార్చాడో చూద్దామని వర్క్‌షాపు పనిముట్ల రిజిస్టరు తీసింది.

పెద్దాయన దగ్గర ఒక నియమం ఉంది. స్క్రూడ్రైవరైనా సరే, రిజిస్టరులో ఎక్కకుండా గోడకెక్కదు. కొత్త వస్తువు వస్తే తారీఖు, టైము, సంతకం. నలభై ఏళ్లలో ఒక్కరోజు తప్పలేదు. ఇంట్లో చీపురు కొన్నా రాసుకుంటాడని క్లబ్బులో నవ్వుకునేవారు.

ట్యాంకులు వేసిన రోజు నుంచి పది రోజుల్లో కర్ర మాటే లేదు. ప్రమాదం జరిగిన రోజు పేజీ తెరిచింది. విమానం పొలంలో పడింది ఉదయం పదకొండుకి. మధ్యాహ్నం మూడున్నరకి, ముత్యాల్లాంటి ఆయన అక్షరాలతో ఒక వరుస: 'పెట్రోలు కొలిచే కర్ర, కొత్తది, ఒకటి. పాతది తీసేయడమైనది.' కింద సంతకం.

ఆమె ఆ టైము మళ్లీ చదివింది. తాను ఆపరేషన్ బల్ల మీద ఉన్న సమయం అది. అధికారులు వచ్చింది ఆ మర్నాడు. ప్రపంచమంతటికీ అబద్ధం చెప్పగలిగిన మనిషి తన రిజిస్టరుకు మాత్రం చెప్పలేకపోయాడు. చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది, ఆ తర్వాత రాసిన సంగతే మర్చిపోయాడో ఏమో. ఎవరు చూస్తారు గనక?

ఉపన్యాసం ఇవాళే, ఇంకా అరగంట ఉంది. ఆమె రిజిస్టరు చంకలో పెట్టుకుని వర్క్‌షాపుకు వెళ్లింది. మామయ్య స్పార్క్ ప్లగ్గులు తుడుస్తున్నాడు.

"ఏమ్మా, అంతా సిద్ధమేనా? గబగబా చదివేసి రా. సాయంత్రానికి లైసెన్సు నీ చేతిలో ఉంటుంది."

ఆమె పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. చాలాసేపు చదివాడు, ఉన్నది ఒక్క వరుసే అయినా.

"పాత కర్ర ఏం చేశావు మామయ్యా?"

"విరిచి పొయ్యిలో పెట్టాను."

దాచడానికి కూడా ప్రయత్నించలేదు. ఆయన గొంతులో కాస్త అలసట మాత్రం ఉంది.

"గుర్తులు మార్చాలని అనుకుంటూనే ఉన్నానమ్మా. రేపు రేపంటూ పది రోజులు గడిచిపోయాయి. ఆ రోజు ఫోను రాగానే నాకు అర్థమైపోయింది. స్టోరులో మిగిలిన కొత్తరకం ట్యాంకులో నీళ్లు పోసి, కొత్త కర్రకు గుర్తులు పెట్టి, మసి పూసి మేకుకు తగిలించాను. నలభై ఏళ్ల పేరు తల్లీ. ఒక్కసారిగా మట్టిలో కలిసిపోతుందని భయమేసింది."

"మరి నా పేరు?"

"నువ్వు చిన్నదానివి. నిలదొక్కుకుంటావనుకున్నాను. పైగా నువ్వు నా మనిషివి. పరాయివాళ్ల మీదికి నెట్టలేదుగా."

ఇది విని ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపు కన్నా అధ్వాన్నమైన నవ్వు. పరాయివాళ్లయితే నెట్టేవాడు కాదట. సొంతమనిషి కాబట్టి ధైర్యంగా ముంచేశాడట.

"నీ భుజం మీద పడి ఏడ్చాను మామయ్యా. నేను కొలవలేదేమో అన్నాను. నువ్వు తల నిమిరావు. పద్నాలుగు నెలలుగా నేను గ్యాసు కట్టేశానో లేదో కూడా నమ్మకం లేక మూడుసార్లు వంటింట్లోకి వెళ్లి చూసుకుంటున్నాను. నేను కొలిచి ఉంటానని ఒక్కసారైనా అనిపించలేదా నీకు?"

ఆయన చేతిలోని ప్లగ్గు బల్ల మీద పెట్టాడు.

"అనిపించడమేంటమ్మా. చూశాను. హ్యాంగర్ గుమ్మంలో నిలబడి ఉన్నాను. నువ్వు నిచ్చెనెక్కి రెండు వైపులా కర్ర పెట్టి కొలిచావు. ఎడమవైపు రెండోసారి కూడా కొలిచావు."

ఆమె రిజిస్టరు మూసి మళ్లీ చంకలో పెట్టుకుంది. కర్ర మార్చినందుకు ఎప్పటికైనా క్షమించగలిగేదేమో. భయంలో మనుషులు ఎన్నెన్నో చేస్తారు. కానీ ఆయన చూశాడు. చూసి కూడా, పొరపాటు ఎవరికైనా జరుగుతుందన్నాడు.

"ఆ మాట లోపలికొచ్చి చెప్పు. ఇంకేం అడగను."

"అలాగేనమ్మా" అన్నాడాయన, తల వంచుకుని.

హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. ముందు వరుసలో మామయ్య, రెండో వరుస చివర ఊతకర్ర కుర్చీకి ఆనించి నర్సు. టీచరు పద్దెనిమిది ప్రమాదాలూ బోర్డు మీద రాసింది. ఒక్కొక్కటీ వివరించింది, మంచు ఎలా పేరుకుంటుందో, వేగం ఎలా పోతుందో. పద్నాలుగోది చెప్పినప్పుడు గదిలో కుర్చీల చప్పుడు ఆగిపోయింది. పద్దెనిమిదో దగ్గరికి వచ్చి ఆగింది. కమిటీ సెక్రటరీ పెన్ను మూత తీసి, సంతకం పెట్టాల్సిన కాగితం ముందుకు లాక్కున్నాడు. ఉన్నది ఉన్నట్టు చదివేస్తే చాలు, సాయంత్రానికి ఆకాశం మళ్లీ ఆమెదే.

"దీని కారణం తప్పు. నేను ఆ రోజు కొలిచాను, కర్ర తప్పు చూపించింది. ఆ మధ్యాహ్నమే కర్ర మార్చారు. నేను కొలవడం చూసినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు" అంది.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దాయన లేవలేదు. నర్సు ఊతకర్ర మీద బరువు మోపి మెల్లగా లేచి నిలబడింది. కొత్త ట్యాంకులు వేసింది ఎవరో ఆమెకూ తెలుసు.

"పెద్దాయనా, మీరేనా? ఈవిడ కొలవడం మీరు చూశారా?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"నాకు గుర్తులేదమ్మా" అన్నాడు.

అరగంట క్రితం ఎడమవైపు రెండోసారి అన్న నోరే అది. టీచరు తనకు కోపం వస్తుందనుకుంది. రాలేదు. చిన్నప్పటి నుంచి తన వెనక ఒకరున్నారనుకుని నిలబడిన మనిషి, వెనక్కి చూస్తే ఎవరూ లేరు.

"నాకు గుర్తుంది" అంది.

బోర్డు మీద 'పైలట్ నిర్లక్ష్యం' చెరిపి, 'పైలట్ కొలిచింది' అని రాసింది. రిజిస్టరు తెరిచి సెక్రటరీ బల్ల మీద, ఆ వరుస కనబడేలా పెట్టింది. సెక్రటరీ సంతకం పెట్టాల్సిన కాగితాన్ని పక్కకు తోసి, రిజిస్టరు మీదికి వంగాడు. లైసెన్సు ఆ రోజుకు లేనట్టేనని ఆమెకు తెలుసు. మళ్లీ విచారణ, మళ్లీ నెలలు. నర్సు కూర్చోలేదు. ఆ బోర్డు వంకే చూస్తూ నిలబడి ఉంది, కళ్లలో నీళ్లు.

పెద్దాయన సంచి తీసుకుని లేచాడు. గుమ్మానికి వెళ్లే దారిలో టీచరు నిలబడి ఉంది. ఆయన దగ్గరికి రాగానే ఆమె ఎప్పటిలాగే దారివ్వడానికి పక్కకు ఒక అడుగు వేయబోయింది. వేయలేదు. ఆయనే కుర్చీల చుట్టూ తిరిగి బయటికి వెళ్లాడు.