కదలని ముల్లు

గిన్నెలు కడుగుతుంటే ఇంటి ముందున్న మా రిపేరు షెడ్డులోంచి స్కూలు వ్యాను డ్రైవరు కేకేశాడు.

"అమ్మా, మీ ఆయన లేరా? బండి రేడియేటరు రోజూ నీళ్ళు తాగేస్తోంది. ఓసారి చూడండి. మూడున్నరకి పిల్లల్ని ఎక్కించుకోవాలి."

ఆయన సామాన్లకి వెళ్ళారు. ఉన్నా వైర్ల పని నాదే. "దాని వేళ్ళు సన్నం, సందుల్లో దూరతాయి" అని వచ్చినవాళ్ళతో చెబుతారు, ఎలుకను పెంచుకుంటున్నట్టు. మసి చేతులతో గిన్నెలు ముట్టుకోవద్దనే అత్తగారు ఆ మసి ఎక్కడిదని ఎన్నడూ అడగలేదు.

ఈ వ్యానులో ఇంజను ముందు సీటు కిందే ఉంటుంది. సీటెత్తగానే సెగ ముఖాన కొట్టింది. ఇంజను ఆన్‌లోనే ఉంచి వేడి చూపే మీటరు చూస్తూ ఉండమని డ్రైవరుకు చెప్పి, వేడిని కనిపెట్టే సెన్సర్ ప్లగ్గు ఊడబీకాను. అది ఊడితే ముల్లు కిందికి పడిపోవాలి.

"పడిందా బాబాయ్?"

"ఎందుకు పడుద్దమ్మా! నెల రోజులుగా బంగారంలా మధ్యలోనే ఉంటేనూ."

ఇంజను ఆపించి, మీటరు వైపు వెళ్ళే వైరును వేళ్ళతో తడుముకుంటూ పోయాను. ఒకచోట టేపు ఉబ్బెత్తుగా తగిలింది. మళ్ళీ విప్పేటప్పుడు గోరు దిగేలా కొస మడిచి ఉంది. అలా మడిచే అలవాటు ఈ షెడ్డులో ఒక్కరికే. విప్పాను. సెన్సర్ నుంచి వచ్చే వైరు తెగ్గోసి, దాని బదులు బియ్యపు గింజంత రెసిస్టరు అతికించి ఉంది. ఇంజను ఉడికిపోయినా మీటరుకి అది ఒకటే మాట చెబుతుంది.

పోయిన నెల ఈ ముల్లు ఊరికే ఎర్రగీతలోకి ఎగిరేది. వైరు ఎక్కడ ఒరుసుకుపోయిందో అని రెండు రోజులు వెతికాను, దొరకలేదు. భోజనాల దగ్గర ఆయన, "నువ్వు రెండు రోజులు కూర్చున్నావు. నేను పది నిమిషాల్లో తేల్చా. ఆడవాళ్ళకి ఓపికే, ఒడుపు ఉండదు" అన్నారు. అత్తగారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత నెలంతా ఏ వైరు పట్టుకున్నా నా బుర్ర మీదే నాకు అనుమానం.

ఆయన కొట్టరు. మాట్లాడటం మానేస్తారు. పెట్టిన కంచం పక్కకు జరిపి, నేను లేని గదిలో తిరిగినట్టు తిరుగుతారు. కిందటిసారి పంతొమ్మిది రోజులు. పదో రోజుకే, ఏ తప్పు చేశానో తెలియకుండానే క్షమాపణ అడిగాను; అయినా ఇంకో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఆ అడిగిన గొంతు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. టేపు మళ్ళీ చుట్టేయవచ్చు. నీళ్ళు పోసి పంపేయవచ్చు. చుట్టడం మొదలుపెట్టాను కూడా.

డ్రైవరు నేను ఎత్తిన సీటు కవరు దులుపుతున్నాడు. "ఈ సీటు గట్టిగా బిగించండమ్మా. బుడ్డోళ్ళు దీనిమీదే కూర్చుంటారు, కొట్టుకుంటారు చోటు కోసం."

నా చేతులు ఆగిపోయాయి.

"బాబాయ్, ఈ బండి ఇవాళ కదలదు. స్కూలుకి ఫోన్ చేసి వేరేది పంపమనండి" అన్నాను. తెగిన వైరు చూపించి, ముల్లు ఎందుకు కదలడం లేదో చెప్పాను.

అతని ముఖం పాలిపోయింది. "పిల్లలెక్కే బండికి ఇదా! ఏ దరిద్రుడు చేశాడమ్మా?"

గేటులో ఆయన స్కూటరు ఆగింది. చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. వ్యాను తలుపు పట్టుకున్నాను.

"మా ఆయన," అన్నాను, ఆయనకు వినపడేంత గట్టిగా.